చాప మీద తామరపువ్వు

ఇరవై ఏళ్లుగా మండపేటలో దొరబాబు కెమెరా ముందు కాకుండా మొదటి ముద్ద తిన్న పిల్లలు లేరు. ఒకవేళ ఉన్నా వాళ్లని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు, ఎందుకంటే తరవాత ప్రభుత్వం కూడా తీసుకోలేదు.

అన్నప్రాసన సంగతి అందరికీ తెలిసిందే. ఆరేడు నెలల బిడ్డకి మేనమామ బంగారు ఉంగరంతో పాయసం నాకిస్తాడు. ఆ తరవాత చాప వేసి, ఆ చివర పుస్తకం, పెన్ను, కత్తి, బంగారం, డబ్బులు, పువ్వులు పెట్టి, బిడ్డని ఈ చివర వదులుతారు. పాక్కుంటూ వెళ్లి ఏది ముట్టుకుంటే పెద్దయ్యాక అదే అవుతారని ఓ సరదా. ఆ సరదా కోసం నలభై మంది చుట్టూ మూగి, "పుస్తకం పట్టుకో నాన్నా" అని ఒకళ్లు, "బంగారంరా, ఇటు చూడు, బంగారం" అని ఇంకొకళ్లు గోల పెడుతుంటే, బిడ్డ ఎటూ కదలకుండా కూర్చుని గుక్కపట్టి ఏడుస్తాడు. ఆ ఏడుపుని దొరబాబు మిక్సింగులో తీసేసి సన్నాయి పెట్టేవాడు.

మిక్సింగంటే దొరబాబుకి ప్రాణం. "షూటింగుదేముందండి, ట్రైపాడు మీద పెడితే కెమెరా దానంతటదే తీసుకుంటాది. మిక్సింగులోనే ఉంది మన పనితనమంతా" అనేవాడు ఎవరడిగినా, అడక్కపోయినా. తామరపువ్వు విచ్చుకుంటే అందులోంచి బిడ్డ మొహం రావడం, లవ్ సింబల్లో తల్లీ తండ్రీ గిరగిరా తిరగడం, తెల్ల పావురాలు కుడి నుంచి ఎడమకి ఎగిరి మేనత్తని ఎత్తుకెళ్లడం, ఇవన్నీ అతని చేతి చలవే. ఊళ్లో ఏ ఇంట్లో ఏ సీడీ వేసినా పిల్లలకంటే పువ్వులే ఎక్కువ కనపడేవి. జనం కూడా అదే మెచ్చుకునేవారు.

అలా హాయిగా రోజులు గడుస్తుండగా, ఆ ఏడు పదో తరగతి ఫలితాలు వచ్చిన పది రోజులకి ప్రభుత్వం వారు శైశవాభిరుచి నిర్ధారణ మండలిని స్థాపించారు. ఎందుకు స్థాపించారయ్యా అంటే, పై స్థాయిలో ఉన్న ఒక పెద్దాయన మనవరాలి అన్నప్రాసనకి వెళ్లాడు. ఆ పిల్ల తిన్నగా పాక్కుంటూ వచ్చి ఆయన జేబులో పెన్ను లాగింది. తను కూడా పసితనంలో పెన్నే లాగానని వాళ్లమ్మ చెప్పిన మాట ఆయనకి గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకుని, సోమవారం ఆఫీసుకెళ్లి ఫైలు పెట్టాడు. శుక్రవారానికి ఉత్తర్వు వచ్చేసింది.

"విద్యార్థి పరీక్షలలో పొందిన మార్కులు అతని శ్రమను మాత్రమే తెలియజేయుచున్నవి. శ్రమ అనునది అభిరుచి లేకున్ననూ సంభవించును. కావున ఇంటర్మీడియట్ గ్రూపుల కేటాయింపునకు, ఎవరి ప్రభావమునకును లోనుకాని ఏకైక దశయగు శైశవమునే ప్రాతిపదికగా గ్రహించవలెనని నిర్ణయించడమైనది. అన్నప్రాసన దృశ్యచిత్రమే ఇందుకు సాక్ష్యము."

కింద జాబితా ఇచ్చారు. చాప మీద పుస్తకం ముట్టుకున్నవాళ్లకి ఎంపీసీ. కత్తికి బైపీసీ, ఆపరేషన్లు చేస్తారు కాబట్టి. డబ్బూ బంగారం సీఈసీ. పెన్ను హెచ్ఈసీ. పువ్వు ముట్టుకుంటే తోటల పెంపకం వృత్తి కోర్సు. కిరీటం, రాజముద్ర వగైరా అధికార చిహ్నాలు ముట్టుకుంటే పరిపాలన. మండపేటలో ఎవడి చాప మీద కిరీటం ఉంటుందండీ అని ఒక విలేఖరి అడిగితే, అది పూర్వగ్రంథాల నుంచి గ్రహించినట్టు చెప్పారు. జాబితా చివర, ఏ జాబితా చివరైనా ఉన్నట్టే, 'మొదలగునవి' అని ఉంది. ఆ కింద ఇంకో వాక్యం: "అభిరుచి నిర్ధారణ అయిన క్షణము నుండి అభ్యర్థి సదరు రంగమున ప్రవేశించినట్లే భావించవలెను."

వీడియో లేనివాళ్ల గురించి కూడా మండలి దయతో ఆలోచించింది. వాళ్లని 'శైశవము నమోదు కానివారు' అని ఒక వర్గం చేసి, ఏడాది గడువిచ్చింది. విజయనగరం వైపు నుంచి ఇటుకబట్టీ పనికి వచ్చినవాళ్ల అమ్మాయి పైడితల్లికి ఆరువందలకి ఐదువందల ఎనభై ఆరు మార్కులొచ్చాయి. వాళ్లమ్మ బట్టీ దగ్గర చీర ఉయ్యాల కట్టి పెంచిన పిల్ల, వీడియో ఎక్కడ్నించి వస్తుంది. ఈ ఏడాదిలోగా శైశవం సంపాదించుకు రమ్మని ఆమెకి కాగితం పంపారు.

ఆ వారం దొరబాబు కొట్టు ముందు తిరునాళ్లలా జనం. పదహారేళ్ల నాటి సీడీలు గీతలు పడిపోయాయని, ఎలకలు కొరికాయని, ఒకాయనైతే పొలంలో పిట్టల్ని బెదరగొట్టడానికి దారం కట్టి వేలాడదీశానని చెప్పుకుని వచ్చారు. అందరికీ కొత్త కాపీలు తీసిచ్చేసరికి దొరబాబుకి ఒళ్లు హూనమైపోయింది. అయినా మనిషి సంతోషంగానే ఉన్నాడు. తన మిక్సింగుని ప్రభుత్వమే కూర్చుని చూస్తుందంటే మాటలా.

బజార్లో పాకుడు కోచింగులు కూడా వెలిశాయి. నాలుగు గదులు, గదికి పన్నెండు చాపలు, గోడ మీద 'మీ బిడ్డ చెయ్యి ఎటు వెళ్లాలో మేం నేర్పుతాం' అని బోర్డు. మొదటి బ్యాచిలో ఇరవై ముగ్గురు చేరారు. అందులో ముగ్గురు ఇంకా పుట్టలేదు.

అప్పుడు దొరబాబు అక్క తాయారు ఇంటికి రిజిస్టరు పోస్టులో ఒక కవరూ, కూడా ఒక జామ మొక్కా వచ్చాయి.

తాయారుకీ అబ్బులికీ ఒక్కతే కూతురు, కుందన. అబ్బులికి ఎకరం పొలం, రెండు గేదెలు. రెండేళ్ల కిందట అందులో గౌరి అనే గేదె ఈనలేక అవస్థ పడింది. పశువుల డాక్టరు మూడు మండలాలకి ఒక్కడే కావడంతో సాయంత్రానికి గానీ రాలేకపోయాడు. అప్పటికి గౌరి పోయింది. పొద్దుట్నుంచీ దాని తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కుందన లేచి, మొహం కడుక్కుని, "నేను పశువుల డాక్టర్ని అవుతాను" అంది. అన్నాక రెండేళ్లు పుస్తకం వదల్లేదు. ఆ పిల్లకి కావల్సింది బైపీసీ. ఆ కవర్లో ఉన్నది తోటల పెంపకం.

"అభ్యర్థిని కుమారి కుందన, దృశ్యచిత్రము పదకొండవ నిమిషమున, వికసించుచున్న తామరపుష్పమును కుడిచేత స్పృశించుట స్పష్టముగా గోచరించినది. శుభాకాంక్షలతో, ఒక మొక్క" అని రాసి, ప్రాంతీయ అభిరుచి నిర్ధారణాధికారి సోమసుందరం అని సంతకం చేసి ఉంది.

తాయారు ఆ కాగితం పట్టుకుని కొట్టుకొచ్చింది. కుందన జామ మొక్క పట్టుకుని వెనకాల వచ్చింది. ఎక్కడ పెట్టాలో తెలియక తెచ్చినట్టుంది.

"ఒరే దొరబాబూ, చాప మీద తామరపువ్వు ఎక్కడిదిరా? మనింట్లో ఎప్పుడైనా తామరపువ్వు చూశావా నువ్వు?"

"అది చాప మీదది కాదే అక్కా. నేను వేసింది."

"ఎందుకేశావు?"

"బాగుంటాదని."

నిజం అది కాదు. నిజం ఏంటో అతనికి బాగా తెలుసు, కానీ మేనకోడలి ఎదురుగా చెప్పదల్చుకోలేదు. అంతలో అద్దాల కొట్టు వెంకన్న వచ్చి, వాళ్లబ్బాయికి కూడా జామ మొక్కే వచ్చిందని చెప్పాడు. వెనకాలే ఇంకొకాయన జామ మొక్కతో వచ్చాడు. మధ్యాన్నానికి కొట్టు ముందు నర్సరీ తయారైంది.

సంగతేంటంటే, మండపేట చుట్టుపక్కల పదకొండు ఊళ్లలోనూ పిల్లలందరి అభిరుచీ దొరబాబు కంప్యూటర్లోంచే వచ్చింది. రెండొందల పన్నెండు మందికి తామరపువ్వూ గులాబీ పడి తోటల పెంపకం వచ్చింది. పావురాలు పడిన పదిహేను మందికి కోళ్ల పరిశ్రమ. లవ్ సింబలు పడిన నలుగురికి మాత్రం బైపీసీ, అందులోనూ గుండె జబ్బుల వైపు ప్రత్యేక సిఫార్సు. ఆ నలుగురిలో ఒకడు రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయే రకం. వాణ్ణి అప్పటికే తెల్లకోటు వేసుకుని తిరగమన్నారు, 'ప్రవేశించినట్లే భావించవలెను' కాబట్టి.

ఈ అంకెలు చూసి మండలి ఉబ్బితబ్బిబ్బయింది. ఒక ప్రాంతపు శిశువులంతా మూకుమ్మడిగా పువ్వుల వైపు పాకడం శాస్త్రచరిత్రలోనే అరుదని పత్రికలకి ప్రకటన ఇచ్చింది. ఆ నేలలో ఏదో ఉండి ఉంటుందని మట్టి పరీక్షకి పంపింది.

"మావయ్యా," అంది కుందన ఆ గొడవంతా సద్దుమణిగాక, "ఆ రోజు నేను నిజంగా ఏం ముట్టుకున్నాను?"

పిల్ల కోపంగా అడిగితే బాగుండేది. మామూలుగా అడిగింది. దొరబాబు లేచి, అటక మీంచి బిస్కెట్ల డబ్బా దింపాడు. మిక్సింగు చేయకముందు కెమెరాలో పడిన అసలు టేపులన్నీ అతను పారేయకుండా అందులోనే దాచేవాడు. ఎందుకు దాచావంటే చెప్పలేడు. బిడ్డ మొదటి ముద్ద మీద ఇంకేదో రికార్డు చేయడానికి మనసొప్పేది కాదు, అంతే.

పాత కెమెరాని టీవీకి తగిలించి టేపు పెట్టాడు. ఆ రోజు పాయసం నాకించాల్సిన మేనమామ తనే కాబట్టి కెమెరాని ట్రైపాడు మీద పెట్టి వదిలేశాడు. అందుకని అది కదలకుండా చాపనే చూస్తోంది. ఏడు నెలల కుందన గళ్ల గౌనులో బోర్లా పడి ఉంది. తలెత్తింది. పుస్తకం దాటింది. కత్తీ బంగారం దాటింది. పువ్వుల వైపు చూడనే లేదు. చాప దాటింది, ఫ్రేము దాటింది, కనపడకుండా పోయింది. "అయ్యో పిల్ల, పట్టుకోండి" అంటూ నలభై మందీ అటే పరిగెత్తారు. తెరమీద ఖాళీ చాప మిగిలింది. నాలుగు నిమిషాలు ఖాళీ చాపే. వెనకాల ఎక్కడో లేగదూడ అంబా అంది. పసిపిల్ల కిలకిలా నవ్వింది. దూడ మళ్లీ అంది, పిల్ల మళ్లీ నవ్వింది. అలా వాళ్లిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

తరవాత అమ్మమ్మ నూకాలమ్మ పిల్లని చంకనేసుకుని వచ్చి, చాప మీద కూలేసి, మణికట్టు పట్టుకుని లాగి పుస్తకం మీద వేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల ఏడ్చింది. నూకాలమ్మ కెమెరా కేసి చూసి, "ఒరే, నా చెయ్యి కనపడకుండా ఏదైనా పువ్వేసెయ్" అంది.

ఊళ్లో ప్రతి టేపులోనూ ఇదే వరస. ఎవరో ఒక తాతో, నాయనమ్మో, పెదనాన్నో చెయ్యి పట్టుకుని లాగడం, ఆ పెద్ద చెయ్యి కనపడకుండా దొరబాబు పువ్వేసెయ్యడం. ఇరవై ఏళ్లలో అతను పూసిన పువ్వుల కిందంతా పెద్దవాళ్ల చేతులే ఉన్నాయి.

తాయారు టీవీకి దగ్గరగా జరిగింది. "దూడ దగ్గరికెళ్లిందా" అంది. కుందన ఇంకా ఖాళీ చాప దగ్గరే ఉండిపోయింది. మళ్లీ వెనక్కి తిప్పమని అడిగి, ఆ నవ్వు ఇంకోసారి వింది. దొరబాబుకి కళ్లు చెమర్చాయి. లవ్ సింబలైనా వేసి ఉంటే పిల్ల ఈపాటికి బైపీసీలో ఉండేదని తనని తాను తిట్టుకున్నాడు.

ఇంటికెళ్లి తల్లిని నిలదీస్తే నూకాలమ్మ ఏమాత్రం తొణకలేదు. "నా మనవరాలు పుస్తకం ముట్టుకుంది. నేను దగ్గరుండి ముట్టించాను" అంది.

అప్పీలుకి జిల్లా కేంద్రంలో మండలి ఆఫీసుకి వెళ్లాలి. దొరబాబు టేపుల డబ్బా సంచిలో వేసుకుని భుజాన తగిలించుకున్నాడు. తాయారూ కుందనా కూడా వెళ్లారు. వరండాలో అప్పటికే పెద్ద లైను. సగం మంది చేతుల్లో జామ మొక్కలు, వాడిపోతున్నాయి. లైను చివర పైడితల్లి ఒక్కతే నిలబడి ఉంది, శైశవం ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని వచ్చిందిట. కుందనా ఆమే ఒకే క్లాసు. ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకున్నారు.

లోపల సోమసుందరం గారు తెల్ల పంట్లాం, తెల్ల చొక్కా, మెడలో గుర్తింపు కార్డుతో ఉన్నారు. పక్కనే సీనియర్ అసిస్టెంటు రత్నకుమారి గారు, ముందర నిబంధనల పుస్తకం. గోడకి పెద్ద టీవీ. దొరబాబు అసలు టేపు వేసి చూపించాడు. ఖాళీ చాప నాలుగు నిమిషాలూ ఇద్దరు అధికారులూ రెప్ప వేయకుండా చూశారు. వాళ్ల ఉద్యోగమే అది.

"అభ్యర్థిని ఎక్కడ?" అన్నారు సోమసుందరం గారు.

"దూడ దగ్గర ఉందండి. ఇనపడతాంది కదండి ఆ నవ్వు."

"శబ్దము సాక్ష్యం కాదు. దృశ్యమే సాక్ష్యము. ఉత్తర్వులో అది చాలా స్పష్టంగా ఉంది."

"పోనీండి, ఎక్కడికెళ్లిందన్నది తెలుస్తానే ఉంది కదండి. దూడ ఈ జాబితాలో లేదంటారా?"

సోమసుందరం గారు నొచ్చుకున్నారు. "మేము అంత సంకుచితంగా ఆలోచించమండి. జాబితా చివర మొదలగునవి అని ఉన్నది. ఆ మొదలగునవి క్రింద దూడ తప్పక వచ్చును. ఏనుగు వచ్చినను మేము కాదనం. కాని ఆ దూడ ఎక్కడ ఉన్నది? చాప మీద లేదు. చాప మీద ఉన్నదే లెక్క. చాప వెలుపల జరిగినది శైశవము క్రిందకు రాదు."

"మరి ఏం కిందకి వస్తాదండి?"

ఆయన రత్నకుమారి గారి వైపు చూశారు. ఆవిడ పేజీలు తిప్పి, "నిర్వచింపబడలేదండి" అన్నారు.

తాయారుకి ఓపిక నశించింది. "అయ్యా, పిల్లకి పదహారేళ్లొచ్చాయి. ఎదురుగా నిలబడే ఉంది. ఏం చదువుకుంటావమ్మా అని మీరు దాన్నే అడగొచ్చు కదండి?"

సోమసుందరం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. కాని పదహారేళ్ల వయసులో అభ్యర్థి చెప్పే మాట ఎన్నో ప్రభావాలకు లోనై ఉంటుంది. చదువు, అనుభవం, ఆలోచన, ఇటువంటివి. ఏడు నెలల వయసులో ఇవేవీ ఉండవు. అందుచేతనే అది విశ్వసనీయము."

ఆయన మంచివాడే, దొరబాబుకి ఆ విషయం కనపడుతూనే ఉంది. రూలు పుస్తకంలో దారి ఉంటే ఈయన వెతికి మరీ చూపిస్తాడు. కాసేపటికి నిజంగానే ఒకటి వెతికారు. పద్నాలుగో నిబంధన, పునఃప్రదర్శన. దృశ్యచిత్రంపై వివాదం తలెత్తినచో అభ్యర్థి నిర్ధారణాధికారి సమక్షంలో చాప మీద మరల పాకవలెను. మొట్టమొదట స్పృశించిన వస్తువే అంతిమ నిర్ధారణ.

"మరి ఈ పాకడం మీద ఆ ప్రభావాలు ఉండవేంటండి?" అన్నాడు దొరబాబు.

"పాకునప్పుడు ఉండవు" అన్నారు సోమసుందరం గారు.

అటెండరు ప్లాస్టిక్ చాప తెచ్చి నేల మీద పరిచాడు. రత్నకుమారి గారు బీరువాలోంచి వస్తువులు తీసి వరసగా పెట్టారు. పుస్తకం, పెన్ను, గిల్టు గొలుసు, పది రూపాయల నోటు, ప్లాస్టిక్ గులాబీ. కత్తి కోసం మొత్తం బీరువా వెతికారు. అంతకు ముందు రోజు ఎవరి పుట్టినరోజుకో కేకు కొయ్యడానికి తీసుకెళ్లారట, తిరిగి రాలేదు.

"కత్తి లేకపోతే నాకు బైపీసీ ఎలా వస్తుందండి?" అంది కుందన. ఆఫీసులో ఆ పిల్ల మాట్లాడిన మొదటి మాట అదే.

"ఉన్న వస్తువులలోనే అభిరుచి చూపించాలమ్మా" అన్నారు సోమసుందరం గారు జాలిగా.

కత్తి ఉంటే పిల్ల తిన్నగా వెళ్లి అదే పట్టుకునేది. ఇప్పుడు ఏది పట్టుకున్నా చిక్కే. ఏదీ పట్టుకోకపోతే జామ మొక్క ఎలాగూ ఉండనే ఉంది. బయట లైన్లోవాళ్లు కిటికీల దగ్గర మూగారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతూ చాప మూలని లేపుతోంది. అటెండరు కాలితో తొక్కి చూశాడు, మళ్లీ లేచింది. సోమసుందరం గారు చిరాగ్గా టేబుల్ మీదున్న ఇత్తడి ముద్ర తీసి, ఆ మూల మీద బరువుగా పెట్టారు. పిడి అరచెయ్యంత ఉంది, చాప మళ్లీ కదల్లేదు.

"ప్రారంభించవచ్చు" అన్నారు.

పదహారేళ్ల పిల్ల, చుడీదారు వేసుకున్న పిల్ల, అంతమంది ఎదురుగా మోకాళ్ల మీద వంగింది. తాయారు తల పక్కకి తిప్పుకుంది. దొరబాబుకి అలవాటు కొద్దీ చేతులు కెమెరా కోసం తడుముకున్నాయి, సిగ్గేసి జేబుల్లో పెట్టుకున్నాడు. కుందన పాకింది. పుస్తకం దాటింది. గొలుసూ నోటూ దాటింది. గులాబీ వైపు చూడనే లేదు. చాప అంచుకి వచ్చింది. దూడలాంటిదేదీ అక్కడ లేదు. ఒక్క క్షణం ఆగింది. తరవాత మూలకి తిరిగి, ఆ ఇత్తడి ముద్రని చేత్తో పట్టుకుని లేచి నిలబడింది.

"అది జాబితాలో లేదమ్మా" అన్నారు సోమసుందరం గారు.

"చాప మీద ఉందండి" అంది కుందన.

రత్నకుమారి గారు అప్పటికే పేజీలు తిప్పుతున్నారు. పాతికేళ్ల సర్వీసు, ఆవిడ మొహంలో ఏమీ కనపడదు. "జాబితాలో కూడా ఉందండి. ఆరో వరస. కిరీటము, రాజముద్ర వగైరా అధికార చిహ్నములు, పరిపాలన." ఇంకో పేజీ తిప్పారు. "అభిరుచి నిర్ధారణ అయిన క్షణము నుండి అభ్యర్థి సదరు రంగమున ప్రవేశించినట్లే భావించవలెను. ఈ కాపీని ధ్రువీకరిస్తూ కింద మీ సంతకమే ఉందండి."

సోమసుందరం గారు ఆ వాక్యం తానే చదివారు. రెండోసారి చదివారు. మూడోసారి చదివేటప్పుడు లేచి నిలబడి చదివారు, ఎందుకంటే కుర్చీ ఇంకా తనదో కాదో నిబంధనల్లో స్పష్టత లేదు. ఆయన నిబంధన ప్రకారం నడుచుకునే మనిషి. కుర్చీ కొంచెం వెనక్కి జరిపి, పక్కన నిలబడ్డారు.

కుందన కూర్చుంది. తన దరఖాస్తు తీసి, బైపీసీ అని ఉన్నచోట ఇంకు పెట్టి ముద్ర వేసింది. తేదీ వేయడానికి పెన్ను కావాలంటే రత్నకుమారి గారు అందించబోయి ఆగారు. "పెన్ను ముట్టుకుంటే హెచ్ఈసీ అవదు కదండి?" అని అడిగారు. మొదటి స్పర్శే లెక్క అని సోమసుందరం గారు తేల్చి చెప్పారు. ఆయన చెప్పిన మాటల్లో దొరబాబుకి నచ్చింది అదొక్కటే.

పని అయిపోయింది. లేచి వచ్చెయ్యొచ్చు. తాయారు అప్పుడే సంచీ సర్దుకుంటోంది. కానీ కుందన కిటికీల దగ్గరున్న మొహాల్ని చూసింది, ఆ జామ మొక్కల్ని చూసింది. "తరవాతవాళ్లని రమ్మనండి" అంది.

అద్దాల కొట్టు వెంకన్నా వాళ్లబ్బాయీ వచ్చారు. అబ్బాయి తండ్రి కంటే జానెడు పొడుగున్నాడు.

"నీకేం చదవాలని ఉంది?" అని అడిగింది కుందన.

అబ్బాయి తండ్రి కేసి చూశాడు. తండ్రి అబ్బాయి కేసి చూశాడు. పదహారేళ్లలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ అడిగినట్టు లేదు, ఇద్దరూ దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు. చివరికి వెంకన్న దొరబాబు వైపు తిరిగి, "ఒక్క నిమిషం ఉండమ్మా. ఒరే దొరబాబూ, మా వాడి అసలు టేపు నీ దగ్గర ఉండే ఉంటాది కదా. ఓసారి వేసి చూసి చెప్పేస్తాం" అన్నాడు.

టేపు సంచిలోనే ఉంది. డబ్బాలో పైనుంచి మూడోది, పేరు కూడా రాసి ఉంది. దొరబాబు సంచి మీద చెయ్యి వేశాడు. ఇరవై ఏళ్లలో తను పువ్వు కప్పిన చేతులన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"లేదండి," అన్నాడు. "ఎలకలు కొరికేశాయి. అన్నీ పోయాయి."

వెంకన్న నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అబ్బాయి ఆలోచించుకుని చెప్తానని పక్కకి జరిగాడు. వెనకవాళ్లు కూడా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటూ నెమ్మదిగా పక్కకి జరిగారు. అలా జరుగుతూ జరుగుతూ లైను చివర ఉన్న పైడితల్లి టేబుల్ ముందుకి వచ్చేసింది.

"నీకు?" అంది కుందన.

"ఎంపీసీ," అంది పైడితల్లి. "నాకు లెక్కలంటే ఇష్టం."

కుందన ముద్ర వేసింది. రత్నకుమారి గారు రిజిస్టరు ముందుకి లాక్కుని, ముద్ర ఉన్న మనిషి కాబట్టి మర్యాదగానే అడిగారు. "ఈ అభ్యర్థినికి వీడియో లేదండి. ఆధారం అన్నచోట ఏం రాయమంటారు?"

"అడిగాం, చెప్పింది, అని రాయండి."

రిజిస్టర్లో అలాంటి గడి లేదు. రత్నకుమారి గారు పక్కన మార్జిన్లో రాసుకున్నారు.